నిలకడకు మార్కులు: మోటారు పరీక్షల చరిత్ర, కొండగట్టు దారి



కరీంనగర్, జగిత్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల్లో కొత్త బండి కొన్నవాళ్లు మొదట ఎక్కడికి తీసుకుపోతారో మీకు తెలుసు. కొండగట్టు ఆంజనేయస్వామి గుడికి. చక్రాల కింద నిమ్మకాయలు, అద్దం మీద కుంకుమ బొట్టు, ముందు కొబ్బరికాయ. బండి మన చేతికి వచ్చిన రోజు దాన్ని 'సిద్ధం' చేయాలన్న భావన మన దగ్గర ఎంత బలంగా ఉందో ఆ పూజ చూస్తే తెలుస్తుంది. ఈ పాఠంలో మనం చూడబోయేది కూడా సిద్ధం చేయడం గురించే, ఆ తర్వాత నడపడం గురించే. అయితే దీన్ని చరిత్ర విద్యార్థులుగా చూస్తాం.

పాఠ్య విషయం 'రెగ్యులారిటీ ట్రయల్'. తెలుగులో దీన్ని 'నిలకడ పరీక్ష' అందాం. మోటారు పందెం అనగానే ఎవరు ముందు గీత దాటితే వారిదే గెలుపు అనుకుంటాం. నిలకడ పరీక్షలో అలా కాదు. ఒక చుట్టు ఎంత సమయంలో తిరుగుతారో డ్రైవరు ముందుగానే చెప్పాలి, లేదా నిర్వాహకులే ఒక సమయం నిర్ణయిస్తారు. ప్రతి చుట్టూ సరిగ్గా అంతే సమయంలో తిరగాలి. ఆలస్యమైతే మార్కులు పోతాయి. ముందే వచ్చినా పోతాయి. వృత్తి పందెగాళ్లు కానివారు సొంత కార్లతో పందెపు బాట మీదికి వచ్చి నడిపే రోజును 'ట్రాక్ డే' అంటారు. అలాంటి రోజుల్లో ఔత్సాహికులకు ఈ పరీక్ష పెట్టడం చాలా దేశాల్లో వాడుక. అదే పరీక్షను మామూలు రోడ్ల మీద పెడితే దాన్ని మన దేశంలో 'టి.ఎస్.డి. ర్యాలీ' అంటారు. సమయం, వేగం, దూరం అనే మూడు మాటల ఆంగ్ల పొడి అక్షరాలవి.

చరిత్ర పాఠంలో కార్ల సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. శాసనాన్ని, రైతు పట్టాను, రైలు టైంటేబుల్‌ను ఆధారాలుగా చదవడం ఇదివరకటి పాఠాల్లో నేర్చుకున్నాం. పోటీ నియమావళి కూడా అలాంటి ఆధారమే. ఒక సమాజం దేనికి మార్కులు వేసింది, దేనికి కోత పెట్టింది అన్నది అందులో నలుపు మీద తెలుపుగా ఉంటుంది. విజేతల పేర్లు పత్రికల్లో దొరుకుతాయి. ఆ సమాజం దేనికి భయపడిందో నియమావళి చెబుతుంది.

మొదటి పరీక్షలు

1894 జులై 22న పారిస్ నుంచి రూఆన్ దాకా సుమారు 126 కి.మీ. దూరం గుర్రాలు లేని బండ్ల పోటీ జరిగింది. దీన్ని నిర్వహించింది 'ల పెతీ జుర్నాల్' అనే దినపత్రిక. ప్రపంచంలో మొదటి మోటారు పోటీగా చాలామంది దీన్నే లెక్కిస్తారు. అందరికంటే ముందు గమ్యం చేరింది డి డియోన్ ప్రభువు. ఆయనది ఆవిరి బండి. కానీ మొదటి బహుమతి ఆయనకు దక్కలేదు. పెట్రోలుతో నడిచే పాన్‌హార్డ్, ప్యూజో బండ్లకు కలిపి ఇచ్చారు. ఎందుకంటే నియమావళి కోరింది వేగాన్ని కాదు. బండి ప్రమాదం లేనిదిగా ఉండాలి, సులువుగా నడపగలిగేదిగా ఉండాలి, ఖర్చు తక్కువదిగా ఉండాలి. ఆవిరి బండిలో బొగ్గు వేయడానికి డ్రైవరుతో పాటు ఇంకో మనిషి కావాలి. అది సులువు కిందికి రాదన్నారు.

మొట్టమొదటి పోటీలోనే ముందు వచ్చినవాడు గెలవలేదన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనపడదు. మోటారు చరిత్ర అంటే వేగం చరిత్ర అని రాసుకుంటూ పోయిన రచయితలు ఆ సంఘటనను ఒక వింతగా చెప్పి వదిలేశారు. నా దృష్టిలో అది వింత కాదు, మొదటి అధ్యాయం.

ఇంగ్లండులో సంగతి ఇంకా స్పష్టం. అక్కడ అప్పటి చట్టం మోటారు బండ్లకు గంటకు 12 మైళ్లు, అంటే సుమారు 19 కి.మీ. వేగమే అనుమతించింది. రోడ్డు మీద పందెం పెడితే నేరం. అయినా బండ్లు నమ్మదగినవని ప్రజలకు చూపించాలి. ఈ చిక్కు నుంచి పుట్టిందే 1900 ఏప్రిల్ 23 నుంచి మే 12 దాకా సాగిన 'వెయ్యి మైళ్ల పరీక్ష'. దాన్ని నిర్వహించింది అక్కడి ఆటోమొబైల్ క్లబ్బు. క్లబ్బు కార్యదర్శి క్లాడ్ జాన్సన్ ఆ భారం మోశాడు. లండన్‌లో 65 బండ్లు బయలుదేరి, బ్రిస్టల్, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ మీదుగా ఎడిన్‌బరో దాకా పోయి తిరిగి వచ్చాయి. దారిలో కొండ ఎక్కుడు పరీక్షలు పెట్టారు. వేగం పరీక్ష మాత్రం రోడ్డు మీద కాక వెల్‌బెక్ అనే చోట ఒక ప్రభువు సొంత ఎస్టేటు దారిలో జరిపారు. ప్రజల రోడ్డు మీద నిలకడ, ప్రైవేటు స్థలంలో వేగం. ఈ విభజనను గుర్తుపెట్టుకోండి, మన చట్టంలోనూ ఇదే కనిపిస్తుంది. ఆ పరీక్షలో బంగారు పతకం పొందిన సి.ఎస్. రోల్స్ తర్వాత రాయిస్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. జాన్సన్ కూడా ఆ కంపెనీలోనే పెద్ద బాధ్యతల్లో చేరాడు.

ఈ విభజనను పాటించని చోట ఏం జరిగిందో 1903 మే 24న తేలింది. పారిస్ నుంచి మాడ్రిడ్‌కు మామూలు రోడ్ల మీద పెట్టిన పందెంలో మొదటి రోజే జరిగిన ప్రమాదాల వల్ల పోటీదారులు, చూడవచ్చిన జనం పలువురు చనిపోయారు. రెనో కంపెనీ స్థాపకుల్లో ఒకడైన మార్సెల్ రెనో వారిలో ఉన్నాడు. బోర్డో దగ్గర ప్రభుత్వం పందెం ఆపేసింది. ఆ తర్వాత 1907లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ వద్ద పందేల కోసమే ప్రత్యేకంగా బాట కట్టారు.

మన దేశానికి వచ్చేసరికి

మన దేశంలోనూ మోటారు చరిత్ర తొలినాళ్లలో నిలకడ పరీక్షలు జరిగాయి. 1904 చివర్లో ఢిల్లీ నుంచి బొంబాయికి ఇలాంటి పరీక్ష జరిగింది. 1908లో బొంబాయి, కొల్హాపూర్ మధ్య కనుమ దారుల మీద రోల్స్ రాయిస్ కారు ఒకటి పేరు తెచ్చుకున్నది ఆగకుండా నడిచినందుకు. సంస్థానాధీశులు ఆ కంపెనీ కార్ల మీద మోజుపడటం వెనుక అలాంటి ప్రచారం ఉంది. మన హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సింహాసనం లాంటి ఆసనంతో ఒక రోల్స్ రాయిస్ తయారు చేయించమన్నాడు. అది చేతికందకముందే 1911లో ఆయన కన్నుమూశాడు. ఆ కారు తర్వాత కూడా ఊరేగింపులకే తప్ప పెద్దగా తిరగలేదు. నమ్మకంగా ఎంతదూరమైనా నడుస్తుందని పేరు పొందిన బండి మన దగ్గర షెడ్డులో నిలబడిపోయింది.

కాబట్టి తెలంగాణలో మోటారు నిలకడ చరిత్రను నవాబుల కార్లలో వెతకొద్దు. బస్సుల్లో వెతకండి.

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించింది. ఈనాటి ఆర్టీసీకి మూలం అదే. నడిపింది రైల్వే అన్న విషయం మీద కాస్త ఆగండి. ప్రైవేటు బస్సులు అప్పట్లో చాలాచోట్ల జనం నిండాకే కదిలేవి. రైల్వేవాళ్లకు గడియారం మతం లాంటిది. నిండినా నిండకపోయినా నిర్ణీత సమయానికి కదలాలి, ఫలానా చోటికి ఫలానా వేళకు చేరాలి అన్న పద్ధతి ఆ గడియారంతో పాటే రోడ్డు మీదికి దిగింది. కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలు మార్గం పెద్దపల్లి, మంచిర్యాల మీదుగా సాగిపోయింది. కరీంనగర్, జగిత్యాల దానికి ఎడంగా ఉండిపోయాయి. ఇక్కడి పల్లెలకు గంట, నిమిషం అన్న లెక్కను రైలు కంటే ఎక్కువగా బస్సే నేర్పింది. ఆ విభాగం 1951 నవంబరు 1న హైదరాబాదు ప్రభుత్వం చేతికి, 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ చేతికి వచ్చింది.

నేను చదువుకునే రోజుల్లో కరీంనగర్ బస్టాండులో కంట్రోలరు కిటికీ దగ్గర కండక్టర్లు వరుస కట్టేవారు. వచ్చిన వేళ, పోయే వేళ కాగితం మీద పడాలి. ఆ కాగితాలను ఎవరూ చరిత్ర అనుకోలేదు. కానీ ఆ కాగితం ఒక నిలకడ పరీక్ష మార్కుల పట్టికే. దానిలో ఉన్న లోపం కూడా అక్కడే ఉంది: సమయం రాసేది బస్టాండుల్లో మాత్రమే. రెండు బస్టాండుల మధ్య డ్రైవరు ఎక్కడ నిదానంగా నడిపాడు, ఎక్కడ తరుముకొచ్చాడు అన్నది కాగితానికి తెలియదు.

టి.ఎస్.డి. ర్యాలీ నియమాలు రాసినవాళ్లకు ఈ లోపం బాగా తెలుసు. అందుకే దారి మధ్యలో పోటీదారులకు చెప్పకుండా రహస్య తనిఖీ కేంద్రాలు పెడతారు. ఉదాహరణకు సగటు వేగం గంటకు 36 కి.మీ. అని ఇచ్చారనుకోండి. అంటే సెకనుకు 10 మీటర్లు, కిలోమీటరుకు 100 సెకన్లు. రైలు గేటు దగ్గర రెండు నిమిషాలు ఆగిపోయారు. పోయిన 120 సెకన్లను గంటకు 45 కి.మీ. వేగంతో రాబట్టుకోవాలంటే కిలోమీటరుకు 20 సెకన్లు మిగులుతాయి కాబట్టి 6 కి.మీ. పడుతుంది. 60 కి.మీ. వేగమైతే 3 కి.మీ.లో సరిపోతుంది. కాగితం మీద ఇది తేలిక లెక్కే. ఆ 3 కి.మీ.లు ఊరి మధ్య నుంచి పోతున్నాయా, చెరువు కట్ట మీద పోతున్నాయా, ఘాట్ దిగుతున్నాయా అన్నది లెక్కలో లేదు. ర్యాలీలో ఆ మధ్యలోనే ఒక రహస్య కేంద్రం ఉండవచ్చు కాబట్టి పోటీదారు కొంచెం కొంచెంగా సర్దుకుంటాడు. బస్సు డ్రైవరుకు అలాంటి కేంద్రం లేదు. ఎదురుగా ఉన్నది చివరి బస్టాండు గడియారం ఒక్కటే.

చట్టం, బాట

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 189వ సెక్షన్ చదవండి. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అంగీకరించకుండా బహిరంగ ప్రదేశంలో మోటారు పందెం గాని, వేగ పరీక్ష గాని పెట్టినా, పాల్గొన్నా నేరం. 2019 సవరణతో మొదటిసారి చేసిన నేరానికి జైలు శిక్ష గరిష్ఠంగా మూడు నెలలు, జరిమానా ఐదు వేల రూపాయల దాకా పెరిగింది. 'వేగ పరీక్ష' అన్న మాటను చూశారు కదా. 1900లో ఇంగ్లండులో చేసిన విభజనే ఇది. చట్టబద్ధమైన వేగానికి లోబడి సగటు నిర్ణయించి నడిపే పరీక్ష వేరు, వేగం కొలిచే పోటీ వేరు.

వేగం కావాలన్నవారు బాట కట్టుకోవాల్సి వచ్చింది. దక్షిణాదిలో ఆ పని చేసింది 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమాన రన్‌వే ఒకటి మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో మిగిలి ఉంటే, దశాబ్దాల పాటు అక్కడే పందేలు నడిచాయి. 1990 నుంచి శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో క్లబ్బుకు సొంత బాట ఉంది. పూర్తి చుట్టు 3.717 కి.మీ. తెలుగు నేల నుంచి బాట మీద నడపాలనుకున్న చాలామందికి చాలాకాలం పాటు అదే దగ్గరి చోటు. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున రోడ్లను మూసి విద్యుత్ కార్ల ఫార్ములా ఇ పోటీ జరిపారు. ఫ్రాన్సుకు చెందిన ఝాఁ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది జరగాల్సిన పోటీ రద్దయింది. దాని రాజకీయ వివాదం మన పాఠానికి అవసరం లేదు. ఆ పోటీలో బ్యాటరీలో ఇంత శక్తే అన్న హద్దు ఉండటం మాత్రం మనకు అవసరం. గట్టిగా తొక్కినవాడు చివరి చుట్ల దాకా నిలవడు.

పందెం తానే నిలకడ పరీక్షగా మారిన ఉదాహరణ ఇటలీలో ఉంది. 'మిల్లె మిల్యా', అంటే వెయ్యి మైళ్లు. 1927 నుంచి మామూలు రోడ్ల మీద జరిగిన ఈ పందెంలో 1957 మే 12న గ్విదిత్సోలో అనే ఊరి దగ్గర ఒక ఫెరారీ కారు టైరు పేలి జనం మీదికి దూసుకుపోయింది. డ్రైవరు అల్ఫోన్సో డి పోర్టాగో, దారి చెప్పే సహచరుడు ఎడ్మండ్ నెల్సన్, తొమ్మిది మంది ప్రేక్షకులు చనిపోయారు. ఆ తొమ్మిదిమందిలో ఐదుగురు పిల్లలు. వేగ పందెంగా అది అంతటితో ఆగింది. 1977లో అదే పేరుతో పాత కార్ల నిలకడ పరీక్షగా మళ్లీ మొదలైంది. రోడ్లు అవే, బండ్లు దాదాపు అవే. మారింది నియమావళి. ఇప్పుడు దేనికి మార్కులు వేస్తున్నారో మీరే చెప్పగలరు.

బండిని సిద్ధం చేయడం

ట్రాక్ డే ఉదయం మొదటి పని సాంకేతిక తనిఖీ. తనిఖీదారు ముందుగా బాయినెట్టు ఎత్తడు. లోపలి వస్తువులు చూస్తాడు. సీటు కింద నీళ్ల సీసా ఉందా? డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ జిగురుతో అతికించి ఉందా, ఊడి వస్తుందా? బ్రేకు వేసినప్పుడు ఆ సీసా దొర్లి పెడల్ కింద చేరితే ఇక చేసేదేమీ ఉండదు. అందుకే డిక్కీలో జాకీ, స్టెప్నీ కూడా దించేయమంటారు. బ్యాటరీ కదలకుండా బిగించి ఉండాలి. చక్రాల నట్లు నిర్ణీత బిగువుతో ఉండాలి. కాళ్లతో స్పానర్ మీద ఎక్కి తొక్కితే వచ్చే బిగువు కాదిది, కొలిచే స్పానర్‌తో చూసినది. టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు కొలిచి రాసుకోవాలి. నాలుగైదు చుట్లు తిరిగేసరికి వేడికి గాలి పీడనం పెరుగుతుంది, అప్పుడు మళ్లీ చూడాలి. ఇంజన్ ఆయిలు, రేడియేటరు నీళ్లు, హెల్మెట్టు, నూలు బట్టలు, లాగడానికి కొక్కెం. ఇవన్నీ ఎవరైనా చెప్పగలిగినవే, త్వరగా దాటిపోవచ్చు.

బ్రేకుల దగ్గర మాత్రం నిదానించాలి. బ్రేకు అనేది వేగాన్ని మాయం చేయదు, వేడిగా మారుస్తుంది. 1,200 కిలోల కారును గంటకు 100 కి.మీ. వేగం నుంచి ఒక్కసారి ఆపితే సుమారు 460 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. బాట మీద ప్రతి చుట్టులో అలాంటి గట్టి బ్రేకులు చాలాసార్లు పడతాయి. ఆ వేడి బ్రేకు ఆయిలుకు చేరుతుంది. ఆయిలు గాల్లో తేమను పీల్చుకునే గుణం కలది. డాట్ 4 రకం ఆయిలు కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. కాలి కింద పెడల్ మెత్తగా నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే ట్రాక్ డేకు ముందు కొత్త బ్రేకు ఆయిలు పోయించుకోవడం అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే అవసరమైన పని.

ఇప్పుడు కొండగట్టుకు రండి. అక్కడ బాట లేదు, పోటీ లేదు. కానీ ఘాట్ దిగే ప్రతి బండీ ఇదే భౌతికశాస్త్రానికి లోబడుతుంది. ఎత్తులో 100 మీటర్లు దిగిన బండి కేవలం బ్రేకుల మీదే దిగితే, ఆ బ్రేకులు తీసుకునే వేడి దాదాపు గంటకు 160 కి.మీ. వేగంతో పోతున్న అదే బండిని నిలబెట్టినంత. బరువు ఎంతైనా ఈ పోలిక మారదు. మారేది మొత్తం వేడి. 12 టన్నుల బస్సుకైతే అది సుమారు 1.2 కోట్ల జౌళ్లు. బస్సులకు ఉండేది ఎక్కువగా గాలితో పనిచేసే డ్రమ్ము బ్రేకు. అక్కడ ఆయిలు మరగదు. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లైనర్లు పట్టు కోల్పోతాయి. అందుకే పాత డ్రైవర్ల మాట ఒకటి ఉంది: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. చిన్న గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు అవసరానికి మిగిలి ఉంటుంది. డీజిలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేసే అలవాటు దీనికి సరిగ్గా వ్యతిరేకం.

2018 సెప్టెంబరు 11, మంగళవారం. శనివారంపేట నుంచి జగిత్యాలకు పోతున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ దిగుతూ అదుపు తప్పి లోయలో పడింది. వందకు పైగా జనం అందులో ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు, మృతుల్లో ఎక్కువమంది మహిళలు. దేశ చరిత్రలో ఇంతమంది ప్రాణాలు తీసిన బస్సు ప్రమాదాలు తక్కువ.

చరిత్ర విద్యార్థిగా మీరు ఆ రోజును ఎలా చదవాలి? డ్రైవరు ఒక్కడి దగ్గర ఆగిపోకండి. సీట్ల సంఖ్యకు రెట్టింపు దాకా జనం ఎక్కడం ఆ ఒక్క ఉదయం జరిగింది కాదు. పల్లె నుంచి పట్నం పోవడానికి పొద్దున ఉన్న బస్సు అదే అయినప్పుడు జనం అదే ఎక్కుతారు. మన పాఠం మొదట్లో వేసుకున్న ప్రశ్ననే వేయండి: ఈ వ్యవస్థ దేనికి మార్కులు వేసింది? ఆర్టీసీలో లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయన్నదానికి డ్రైవరు దగ్గర లెక్క ఉంటుంది. సీట్లు ఎంత శాతం నిండాయన్నదానికి లెక్క ఉంటుంది. వేళకు చేరడానికి లెక్క ఉంటుంది. ఘాట్ ఏ గేరులో దిగాడు అన్నదానికి గడి ఏ కాగితంలోనూ కనపడదు. నిలకడగా దిగిన వెయ్యి రోజులకు ఏ రికార్డూ లేదు. దిగని ఒక్క రోజు మాత్రం రికార్డు అయింది.

నడపడం

బాట మీద మొదటి చుట్టు వేడెక్కించడానికే. టైర్లకు, బ్రేకులకు, మీ కళ్లకు కూడా. జెండాలు ఊపేవాళ్లు ఎక్కడెక్కడ నిలబడ్డారో ఆ చుట్టులోనే చూసుకోవాలి. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం ఉంది, దాటవద్దు. ఎరుపు అంటే సెషన్ ఆగింది. నీలం అంటే వెనుక వేగమైన బండి వస్తోంది. నల్ల జెండా మీకోసం ఊపారంటే లోపలికి వచ్చి అధికారులకు కనపడాలి.

తర్వాత మీరు చెప్పే సమయం. కొత్తవాళ్లు తమ శక్తికి మించిన సమయం చెబుతారు. తమ అత్యుత్తమ చుట్టునే లక్ష్యం చేసుకుంటారు. అది మళ్లీ మళ్లీ రాదు. హాయిగా, మాట్లాడుతూ కూడా నడపగలిగిన సమయాన్ని చెప్పేవాడే ఈ పరీక్షలో నెగ్గుతాడు. కొన్ని పోటీల్లో కారులో గడియారం కూడా ఉండనివ్వరు. అప్పుడు ఆధారపడేది గుర్తుల మీద: ఈ బోర్డు దగ్గర బ్రేకు, ఈ గీత దగ్గర స్టీరింగు, ఇంజను చప్పుడు ఇంతకు వచ్చినప్పుడు గేరు. ప్రతి చుట్టూ అవే గుర్తులు, అదే బలం. సెకన్లు వాటంతట అవే సరిపోతాయి.

ఒక లెక్క చేసి చూడండి. ఇరుంగట్టుకోట్టైలో 3.717 కి.మీ. చుట్టుకు ఒక డ్రైవరు 140 సెకన్లు చెప్పాడనుకుందాం, అంటే గంటకు 95.6 కి.మీ. సగటు. అతని ఐదు చుట్లు 140.4, 139.7, 140.2, 140.5, 139.9. ఇంకొకరు 130 సెకన్లు చెప్పారు. ఆమె చుట్లు 127.8, 129.1, 131.6, 128.0, 130.9. ప్రతి చుట్టులోనూ ఆమే వేగం. తేడాలు కూడితే అతనికి 1.5 సెకన్ల కోత, ఆమెకు 7.6 సెకన్లు. ముందుగా వచ్చినదానికి రెట్టింపు కోత పెట్టే నియమం ఉంటే అతనికి 1.9, ఆమెకు 12.7. ఇంకొకటి గమనించండి. ఆమె ఐదు చుట్ల మొత్తం 647.4 సెకన్లు. చెప్పిన 650కి తేడా 2.6 సెకన్లే. మొత్తం మాత్రమే చూసే బస్టాండు కాగితం అయితే ఆమెను దాదాపు వేళకు వచ్చినట్టే రాస్తుంది. చుట్టు చుట్టుకూ చూసే పరీక్ష అలా రాయదు.

మీరే చేయండి: మీ ఊరి నుంచి దగ్గరి పట్నానికి పోయే బస్సులో కూర్చుని, ప్రతి స్టేజీ దగ్గర వేళ రాసుకోండి. వారం రోజులు, అదే బస్సు. టైంటేబుల్ వేళతో తేడాను స్టేజీల వారీగా పట్టిక వేయండి. ఎక్కడ ఆలస్యం పుడుతోంది, ఎక్కడ దాన్ని రాబట్టుకుంటున్నారు, ఆ రాబట్టుకునే చోట రోడ్డు ఎలా ఉంది అన్నవి మూడు వేర్వేరు గడుల్లో రాయండి. కాంటాక్టు తరగతికి వచ్చేటప్పుడు ఆ పట్టిక తీసుకురండి. ఘాట్ ఉన్న దారి దొరికితే డ్రైవరు దిగేటప్పుడు గేరు ఎక్కడ మార్చాడో చెవిపెట్టి వినండి, ఇంజను చప్పుడే చెబుతుంది. దానికీ ఒక గడి పెట్టండి.

బాట మీది చివరి చుట్టు చల్లార్చడానికి. గళ్ల జెండా పడ్డాక వేగం తగ్గించి, వీలైనంత వరకు బ్రేకు ముట్టకుండా, గాలి బ్రేకులను చల్లబరిచేలా నిదానంగా ఒక చుట్టు తిరిగి లోపలికి రావాలి. బండి నిలిపాక హ్యాండ్‌బ్రేకు వేయకూడదు. మండే డిస్కుకు ప్యాడు అతుక్కుంటుంది. గేరులో పెట్టి, చక్రం కింద ఒక చెక్క ముక్క గాని, రాయి గాని పెట్టి దిగాలి.